కవిగారు చదువుతుండగా మైకు పోయింది, తిట్లు నాకు పడ్డాయి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఇంటర్న్‌షిప్‌ల గురించే ఉన్నాయి. రోజులు కూడా అలాంటివే కదా. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం, హైదరాబాద్ నాంపల్లిలో జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నుమాయిష్ ఎగ్జిబిషన్, ఇవి కాక కాలేజీ ఫెస్టులు, సంక్రాంతి ముగ్గుల పోటీలు. ఎక్కడికెళ్లినా వేదిక పక్కన మెడలో ట్యాగు వేసుకుని, చేతిలో కాగితాలు పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తే పిల్లలు కనిపిస్తున్నారు. నేను కూడా అలా పరుగెత్తుతూనే ఈ పనిలోకి వచ్చాను, పాతికేళ్లకు పైగా సభల వెనకే ఉన్నాను. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం వాళ్లకే ఇచ్చేస్తున్నా.

*

ప్రశ్న: మేడమ్ గారూ, నేను బీఏ చివరి సంవత్సరం. కాలేజీ ఇంటర్న్‌షిప్ కింద ఒక పుస్తక ప్రదర్శనలో సాంస్కృతిక వేదిక దగ్గర పదకొండు రోజులు పనిచేశాను. కుర్చీలు తుడవడం, టీలు తేవడం, శాలువాలు లెక్కపెట్టడం, అతిథుల్ని గేటు దగ్గర్నుంచి తీసుకురావడం, ఇవే నా పనులు. ఎనిమిదో రోజు ఎనభై దాటిన ఒక కవిగారు కవిత చదువుతుండగా మైకు పోయింది. పరుగెత్తుకెళ్లి మైకు సెట్ వాళ్లని అడిగితే సెల్స్ లేవన్నారు. బయట కొట్టుకెళ్లి తెచ్చేసరికి ఆయన చదవడం ఆపేసి కూర్చున్నారు. నిర్వాహకుల్లో ఒకాయన అందరి ముందూ "బుద్ధుందా నీకు, నిన్ను ఇక్కడ పెట్టింది ఎందుకు" అని అరిచారు. ఆ రాత్రి హాస్టల్లో ఏడుస్తూనే ఉన్నాను. మిగతా మూడు రోజులూ తల దించుకుని పనిచేశాను. ఇప్పుడు రిపోర్టు రాయాలి. టీలు తెచ్చానని రాయనా? అసలు తప్పు నాదేనా?
(ఓ విద్యార్థిని, గుంటూరు జిల్లా)

జవాబు: అమ్మా, ముందు తప్పు సంగతి తేల్చేద్దాం. డబ్బు తీసుకుని మైకు సెట్ పెట్టినవాళ్ల దగ్గర స్పేర్ సెల్స్ లేకపోవడం వాళ్ల తప్పు. పెద్దవాళ్లు మాట్లాడే సభలో వైరు మైకు ఒక్కటైనా పక్కన సిద్ధంగా పెట్టించకపోవడం నిర్వాహకుల తప్పు. కార్డ్‌లెస్ మైకులో సెల్స్ ఉంటాయని, అవి ఎప్పుడు మార్చాలో చూసుకోవాలని నీకు ఎవరూ చెప్పకపోవడం నిన్ను పనిలో పెట్టినవాళ్ల తప్పు. వీటన్నిటి చివర నీ వంతు ఏమైనా ఉందంటే చాలా చిన్నది: మైకు వెనక ఏముంటుందో అడగాలని నీకు తట్టలేదు. ఎనిమిది రోజుల అనుభవంతో అది తట్టకపోవడం నేరం కాదు. ఇక ఆ అరిచినాయన చేసింది మాత్రం ఏ లెక్కన చూసినా తప్పే. సభ జరుగుతుండగా వేదిక పక్కన అరిస్తే మైకు బాగుపడదు, పైగా కవిగారు ఇంకాస్త ఇబ్బంది పడతారు. నాకు నీ కంటే ఎక్కువ ఆ కవిగారి గురించే బాధగా ఉంది, ఎందుకంటే ఆ వయసులో ఒక కవిత చదవడానికి ఆయన పొద్దున్నించి తయారై వచ్చి ఉంటారు. నువ్వు రాసిన నాలుగు వాక్యాల్లో ఆయన కూర్చుండిపోయారని రాశావు చూడు, అది నీకు గుచ్చుకుందంటే ఈ పనికి కావలసిన మనసు నీకుందని నాకు అర్థమైంది.

ఇప్పుడు సెల్స్ సంగతి, ఎప్పటికీ గుర్తుండేలా చెప్తాను. చేతిలో పట్టుకునే కార్డ్‌లెస్ మైకుల్లో చాలావరకు రెండు పెన్సిల్ సెల్స్ ఉంటాయి. కొత్తవైతే ఐదారు గంటలు సునాయాసంగా లాగుతాయి, కానీ నిన్న సాయంత్రం వాడినవే ఇవాళ కూడా వాడితే ఎప్పుడు పోతాయో చెప్పలేం. పోయే ముందు గొంతు కాస్త గరగరమంటుంది, లేదా మైకు మీదున్న చిన్న లైటు ఎర్రగా మారుతుంది. వేదిక కింద మొదటి వరసలో కూర్చున్నవాళ్లకి ఆ లైటు కనిపించదు, పక్కన నిలబడిన నీకు కనిపిస్తుంది. అందుకే సభ మొదలయ్యే ముందే కొత్త సెల్స్ వేయించాలి, తీసిన పాతవాటిని వేరే కవర్లో వేయాలి (కలిసిపోతే అంతే సంగతులు), రెండు జతలు నీ బ్యాగులో ఉండాలి. వైరు మైకు ఒకటి స్టాండుకి పెట్టి, వాల్యూమ్ తగ్గించి, వేదిక అంచున ఉంచమని మైకు సెట్ అబ్బాయిని బతిమాలైనా ఒప్పించాలి. కార్డ్‌లెస్ పోయిన క్షణంలో అది తీసుకెళ్లి ఆయన ముందు పెడితే ఇరవై సెకన్లలో సభ మళ్లీ నడుస్తుంది. ఇంకొకటి, సగం సార్లు మైకు పోవడానికి కారణం సెల్స్ కూడా కాదు, మాట్లాడేవాళ్ల బొటనవేలు తెలియకుండా స్విచ్చి మీద పడుతుంది. ముందు అది చూడాలి, తర్వాతే పరుగు.

టీలు తెచ్చానని రాయనా అని అడిగావు. రాయి. కానీ "టీలు తెచ్చాను" అని రాసి వదిలేయకు, ఎందుకంటే నువ్వు చేసింది అది ఒక్కటే కాదు. రోజుకి ఎన్ని సభలు, ఒక్కో సభకి ఎంతమంది వక్తలు, వాళ్లు ఎంత ఆలస్యంగా వచ్చారు, నువ్వు గేటు నుంచి వేదికకి తీసుకురావడానికి ఎంతసేపు పట్టింది, ఆహ్వాన పత్రంలో ఏడు పేర్లుంటే చివరికి వేదిక మీద ఎంతమంది కూర్చున్నారు? మన సభల్లో ఏడుగురు అనుకుంటే పదకొండుమంది ఎక్కుతారు, అది తెలిసినవాళ్లు తెర వెనక నాలుగు మడత కుర్చీలు, మూడు ఎక్కువ శాలువాలు, రెండు ఖాళీ నేమ్‌ప్లేట్లు, ఒక లావు మార్కర్ ముందే పెట్టుకుంటారు. నువ్వు శాలువాలు లెక్కపెట్టానన్నావు కదా, ఎందుకు లెక్కపెట్టావో రాయి. ఒక్క శాలువా తక్కువైతే ఒక పెద్దమనిషికి జీవితాంతం గుర్తుండిపోయే అవమానం జరుగుతుంది, ఆ అవమానం జరగకుండా పదకొండు రోజులు చూసింది నువ్వే.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకి ఉన్నత విద్యామండలి ఇచ్చిన ఇంటర్న్‌షిప్ పుస్తకంలో రోజువారీ లాగ్ ఉంటుంది: ఆ రోజు ఏం చేశావు, ఏం నేర్చుకున్నావు, ఇన్‌ఛార్జి సంతకం. పిల్లలు చాలామంది రెండో గడిలో "కమ్యూనికేషన్ స్కిల్స్ నేర్చుకున్నాను" అని పది రోజులూ ఒకటే వాక్యం రాసుకొస్తారు. వైవాలో కూర్చున్న మాస్టారికి అది చదివి ఏం అడగాలో కూడా తెలియదు. నువ్వు ఎనిమిదో రోజు ఇలా రాయి: "సాయంత్రం కవి సమ్మేళనంలో కార్డ్‌లెస్ మైకు సెల్స్ అయిపోయి సభ కొద్ది నిమిషాలు ఆగింది. స్పేర్ సెల్స్ ఎవరి దగ్గర ఉండాలో ముందుగా తేల్చుకోలేదు. తొమ్మిదో రోజు నుంచి సెల్స్ చూసే బాధ్యత నేను తీసుకున్నాను." చివరి వాక్యం నిజమైతేనే రాయి, నిజం కాకపోతే దాని బదులు ఇకముందు ఏం చేస్తావో రాయి. తప్పు జరిగిన రోజుని దాచకుండా రాసిన రిపోర్టుని నేను వంద రిపోర్టుల్లోంచి బయటికి తీసి పెట్టుకుంటాను.

ఇంత చెప్పాను కాబట్టి ఒక పని ఎలా చేయాలో పూర్తిగా చూపిస్తాను, నువ్వు మళ్లీ వేదిక వెనక నిలబడినప్పుడు పనికొస్తుంది. జ్యోతి ప్రజ్వలన. ప్రతి సభలో మొదటి పని అదే, ఎక్కువసార్లు ఇబ్బంది పెట్టేదీ అదే. ముఖ్య అతిథి కొవ్వొత్తి పట్టుకుని వంగుతారు, వత్తి అంటుకోదు, మళ్లీ వంగుతారు, ఫొటోగ్రాఫర్లు "సార్ ఇటు చూడండి" అంటారు, గాలికి కొవ్వొత్తి ఆరిపోతుంది. అది జరగకూడదంటే అరగంట ముందు పని మొదలవ్వాలి. కుందిలో నూనె పోసి వత్తుల్ని అందులో పూర్తిగా నాననివ్వాలి. తర్వాత వత్తి కొసని వేళ్లతో కాస్త విడదీసి బయటికి లాగి, ఒకసారి వెలిగించి, కొస నల్లబడగానే ఆర్పేయాలి. అలా ఒకసారి కాలిన వత్తి రెండోసారి ముట్టించగానే అంటుకుంటుంది, కొత్త పొడి వత్తి అంటుకోదు. కొస మీద చిటికెడు కర్పూరం పెడితే ఇంకా నయం. అగ్గిపుల్ల అతిథి చేతికి ఇవ్వకూడదు, వేలు కాలుతుంది, పొడుగాటి కొవ్వొత్తికి కింద కాగితం చుట్టి ఇవ్వాలి, మైనం చేతిమీద పడకుండా. రెండు నిమిషాల ముందు వేదిక మీది ఫ్యాన్లు ఆపించాలి, అయిపోయాక వేయించడం మరిచిపోకూడదు. కుంది కింద వెడల్పు పళ్లెం ఉండాలి, లేకపోతే నూనె కార్పెట్ మీదికి పోయి ఎవరో ఒకరు జారతారు. చీర కొంగులు, చున్నీలు దీపానికి దూరంగా ఉండేలా చూడటానికి ఒక మనిషి అక్కడే నిలబడాలి, ఆ మనిషివి నువ్వే. ఇదంతా సరిగ్గా జరిగితే సభలో ఎవరూ ఏమీ గమనించరు, దీపం వెలిగింది, చప్పట్లు కొట్టారు, అంతే. కానీ నీకు తెలుస్తుంది, నాకు ఇప్పటికీ ఆ వత్తి అంటుకున్న క్షణంలో ఊపిరి తేలికవుతుంది.

ఆ అరిచినాయన దగ్గరికి ఒకసారి వెళ్లి మాట్లాడమనే నా సలహా. క్షమాపణ చెప్పడానికి కాదు. "సార్, ఆ రోజు సెల్స్ విషయం నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే చూసుకునేదాన్ని, రిపోర్టు మీద మీ సంతకం కావాలి" అని మామూలుగా చెప్పు. చాలామంది సభ ముగిశాక అరిచిన సంగతే మరిచిపోతారు. ఆయనకి గుర్తుంటే సిగ్గుపడతారు. వీలుంటే ఆ కవిగారి ఫోన్ నంబరు అడిగి ఆయనతో కూడా మాట్లాడు. ఆ కవిత పూర్తిగా విందామని ఉందని చెప్పు.

*

ప్రశ్న: అక్కా, ఈవెంట్ కంపెనీలో నెల రోజులు ఇంటర్న్‌గా చేశాను. మొదట్లో "స్టైపెండ్ చూద్దాంలే" అన్నారు. ఇప్పుడు సర్టిఫికెట్ ఇస్తున్నాం కదా అంటున్నారు. బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం అన్నీ నా జేబులోంచే పోయాయి. చట్టప్రకారం అడగొచ్చా?
(విశాఖపట్నం)

జవాబు: తమ్ముడూ, సూటిగా చెప్తాను. అప్రెంటిస్ చట్టం 1961 కింద అప్రెంటిస్‌గా నమోదైతే స్టైపెండ్ ఇవ్వక తప్పదు. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం 2024లో మొదలైంది, దాంట్లోకి ఎంపికైనవాళ్లకి అప్పట్లో నెలకి 5,000 రూపాయలని పెట్టారు. కానీ నువ్వు చేసినట్టు నోటిమాట మీద చేరిన ఇంటర్న్‌కి ఇంత ఇవ్వాలని అందరికీ వర్తించే రేటు లేదు. కాబట్టి రాతలో ఏముందో అదే నీ బలం. వాట్సాప్‌లో వాళ్లు పంపిన మెసేజీలు వెతుకు, స్టైపెండ్ గురించి ఒక్క మాట ఉన్నా తీసి పెట్టుకో. తర్వాత ఒక మర్యాదైన మెయిల్ రాయి: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఇన్ని రోజులు, రోజుకి ఇన్ని గంటలు పనిచేశాను, ప్రయాణానికి ఇంత, భోజనానికి ఇంత ఖర్చయింది, కనీసం ఇది తిరిగి ఇవ్వండి. లెక్క అంకెల్లో కనిపిస్తే చాలామంది ఇస్తారు, "చూద్దాంలే" అన్నవాళ్లకి ఆ లెక్క ఎప్పుడూ ఎవరూ చూపించలేదు.

ఇక్కడ నా అభిప్రాయం కూడా చెప్పాలి. టికెట్ పెట్టి అమ్మే కార్యక్రమంలో, స్పాన్సర్ల దగ్గర లక్షలు తీసుకునే కార్యక్రమంలో, పొద్దున ఏడు నుంచి రాత్రి పదకొండు దాకా నిలబడిన పిల్లవాడికి బస్సు చార్జీ కూడా ఇవ్వకపోవడం అన్యాయం. పుస్తక ప్రదర్శనలు, సేవా సంస్థల సభలు వేరు, అక్కడ చేసేవాళ్లంతా ఇష్టంతో చేస్తారు, నేనూ చేశాను. అక్కడ కూడా భోజనం, దారి ఖర్చు మాత్రం ఇచ్చి తీరాలి. ఇకముందు చేరేటప్పుడు నాలుగు సంగతులు మెసేజ్‌లో రాయించుకో: తేదీలు, గంటలు, డబ్బు, రాత్రి ఇంటికి ఎలా వెళ్లాలి.

*

ప్రశ్న: మేడమ్, హైదరాబాద్‌లో ఒక పెద్ద సంగీత కార్యక్రమానికి ఇంటర్న్‌గా చేశాను. గ్రీన్ రూమ్ దగ్గర నన్ను పెట్టారు. మా టీమ్ లీడర్ అవసరం లేకపోయినా భుజం మీద చేయి వేయడం, రాత్రి మెసేజీలు, "నేను కారులో దింపుతా" అనడం. ఇంటర్న్‌ని కాబట్టి ఎవరికి చెప్పాలో తెలియదు. నేను ఉద్యోగిని కూడా కాదు కదా. ఇంట్లో చెప్తే మళ్లీ ఎక్కడికీ పంపరు.
(పేరు వద్దు)

జవాబు: పేరు రాయను తల్లీ. ముందు నీ మనసులోంచి ఆ "ఉద్యోగిని కాదు కదా" అన్న మాట తీసేయ్. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. దాంట్లో ఉద్యోగి అంటే జీతం తీసుకునేవాళ్లే కాదు, ట్రైనీ, అప్రెంటిస్, డబ్బు తీసుకోకుండా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు కూడా వస్తారు. పని ప్రదేశం అంటే ఆఫీసు గది ఒక్కటే కాదు, పని మీద నువ్వు వెళ్లిన గ్రౌండు, హోటలు, వాళ్లు పెట్టిన కారు కూడా. పది మంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి సంస్థలో ఇలాంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువ మంది ఉన్న సంస్థ అయితే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. జరిగిన రోజు నుంచి మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పెంచే వీలు కమిటీకి ఉంది. కాలేజీ ద్వారా వెళ్లి ఉంటే కాలేజీ కమిటీకి కూడా తెలియజేయి.

మెసేజీలు డిలీట్ చేయకు. కోపంతో చేయాలనిపిస్తుంది, చేయకు. స్క్రీన్‌షాట్లు తీసి నీకు నువ్వే మెయిల్ చేసుకో. ఏ రోజు, ఏ టైములో, ఎక్కడ, ఎవరు చూశారు అన్నది ఒక కాగితం మీద ఇవాళే రాసుకో, నెల పోతే వివరాలు మసకబారతాయి. తక్షణం భయం అనిపిస్తే 112కి గానీ, మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ చేయి. తెలంగాణలో 2014 నుంచి ఆడవాళ్ల భద్రత కోసం పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, వాళ్లు నీ పేరు బయటపెట్టకుండా మాట్లాడతారు.

ఇంట్లో చెప్పడం గురించి నేను నిన్ను బలవంతం చేయను. ఇంట్లో ఒక్కరినైనా, అక్కో, పిన్నో, మేనత్తో, నిన్ను నమ్మే మనిషిని ఎంచుకుని చెప్పు. ఒక్కదానివే మోయకు.

నిర్వాహకులు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకీ చెప్పాలి. ఆరుబయట లౌడ్‌స్పీకర్లు రాత్రి పది తర్వాత వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెప్తాయి, కాబట్టి కార్యక్రమం పదికి ఆగుతుంది. కానీ వేదిక విప్పి, సామాను సర్ది, అతిథుల్ని పంపేసరికి పదకొండున్నర అవుతుంది. ఆ గంటన్నరలో అమ్మాయిలు ఎలా ఇళ్లకి వెళ్తారన్నది మీ షెడ్యూల్ కాగితంలో రాసి ఉండాలి, బండి నంబరు, డ్రైవరు పేరుతో సహా. నేను పనిచేసే చోట తొమ్మిదిన్నరకే అమ్మాయిల్ని పంపేస్తాం, లేదా ముగ్గురు ముగ్గురుగా ఒక బండిలో పంపి, ఇంటికి చేరామని మెసేజ్ వచ్చేదాకా ఒకరు మేలుకుని ఉంటారు. ఇది చేయలేనివాళ్లు ఆ పనికి ఇంటర్న్‌లని పెట్టుకోకూడదు.

*

ప్రశ్న: అక్కా, మా కాలేజీ ఫెస్టుకి సినిమా వాళ్లు వస్తున్నారు. నన్ను మెయిన్ గేటు దగ్గర వేశారు. నాతో ఇంకో ఇద్దరు ఇంటర్న్‌లు. జనం ఎక్కువొస్తే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. టెన్షన్‌గా ఉంది.
(వరంగల్)

జవాబు: నీ టెన్షన్ సరైనదే, దాన్ని తగ్గించుకోకు, దాంతో పని చేయించు. 2024 డిసెంబరు 4న హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు చనిపోయారు. ఆ రెండు చోట్లా జనం చెడ్డవాళ్లు కాదు, ఇష్టమైన మనిషిని చూడటానికో, దేవుణ్ణి చూడటానికో వచ్చినవాళ్లు. జనం ఒకేసారి ఒక ఇరుకు చోటులోకి కదిలితే వెనకున్నవాళ్లకి ముందు ఏం జరుగుతోందో కనపడదు, ముందున్నవాళ్లు వెనక్కి రాలేరు, ఊపిరాడదు. ప్రాణాలు పోయేది ఎక్కువగా ఊపిరాడకే.

ముందే ప్రిన్సిపాల్ గారి దగ్గరికో, కన్వీనర్ మాస్టారి దగ్గరికో వెళ్లి కొన్ని అడుగు. లోపలికి వచ్చే గేటు, బయటికి పోయే గేటు వేరువేరుగా ఉన్నాయా? బయటికి పోయే గేటుకి తాళం వేస్తారా? వేస్తే తాళంచెవి పట్టుకుని ఒక మనిషి అక్కడే ఉండాలి, అసలు వేయకపోవడమే మంచిది. గ్రౌండులో ఎంతమంది పడతారో లెక్క వేశారా, అది నిండాక గేటు ఎవరి మాటతో ఆపాలి? పోలీసులకి చెప్పారా, అంబులెన్స్ ఎక్కడ నిలబెడుతున్నారు, ఆ దారిలో బైకులు పార్క్ చేయకుండా ఎవరు చూస్తారు? జనాన్ని అదుపు చేయడం మీద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లోనే ఒక పుస్తకం తెచ్చింది, మాస్టారికి దాని సంగతి చెప్పు, ఇలాంటివన్నీ అందులో ఉంటాయి.

గేటు దగ్గర నీకు పనికొచ్చేవి ఇవి. సినిమా వాళ్ల కారు జనం ఉన్న గేటులోంచి రాకూడదు, ఇది ఒక్కటి సాధిస్తే సగం ప్రమాదం పోతుంది. గేటు ఒక్కసారిగా బార్లా తీయకూడదు, మనిషి పక్కన మనిషి నడిచేంత సందు మాత్రమే తీసి, కొద్దికొద్దిమందిని వదలాలి. గేటు తీయడానికి గంట ముందే లైను కట్టించాలి, తీశాక కట్టించలేం. ఎంతసేపు ఆగాలో, లోపల చోటుందో లేదో మైకులో తరచూ చెప్పించాలి, ఏమీ తెలియనప్పుడే జనం తోసుకుంటారు. ముందు వరసలో పిల్లలో, ముసలివాళ్లో ఇరుక్కున్నట్టు కనిపిస్తే వాళ్లని పక్కకి తీసే సందు బారికేడు పక్కన ముందే ఉండాలి. వాళ్ల కోసం మెయిన్ గేటు తీస్తే మిగతా జనం కూడా ఆ గేటులోకే వచ్చేస్తారు. జనం ఛాతీలు ఒకదానికొకటి ఆనుకుని, మనుషులు అలలా ఊగుతున్నట్టు కనిపిస్తే అది ఆఖరి హెచ్చరిక. వెంటనే వెనకనుంచి జనాన్ని ఖాళీ చేయించమని పోలీసులకి చెప్పాలి, ముందునుంచి తోయకూడదు.

ముగ్గురు ఇంటర్న్‌లతో మెయిన్ గేటు నడవదు. ఈ మాట మాస్టారికి చెప్పడానికి భయపడితే ఈ పేజీ చించి ఇవ్వు, నా మాటగా చెప్పు. గేటు పని పోలీసులది, శిక్షణ ఉన్న సెక్యూరిటీ వాళ్లది. నువ్వు వాళ్ల పక్కన నిలబడి దారి చూపించొచ్చు, నీళ్లు అందించొచ్చు, తప్పిపోయిన పిల్లల్ని మైకు దగ్గరికి తీసుకెళ్లొచ్చు. జనానికి అడ్డుగా నీ ఒళ్లు పెట్టకు.

*

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ చదువుతూ నుమాయిష్‌కి, పెళ్లిళ్లకి, ఎక్కడ స్టేజీ ఉంటే అక్కడికి ఇంటర్న్ అంటూ తిరుగుతున్నాడు. రాత్రి ఒంటిగంటకి వస్తాడు. ఇది కూడా ఒక పనేనా?
(ఒక తండ్రి, కరీంనగర్)

జవాబు: పనే సార్. నుమాయిష్ సంగతే చూడండి, 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, తర్వాత నాంపల్లికి మారి, ఇన్నేళ్లుగా నడుస్తోందంటే కరెంటు వైర్లు లాగినవాళ్లు, స్టాళ్లు కట్టినవాళ్లు, చెత్త ఎత్తినవాళ్లు, లెక్కలు రాసినవాళ్లు ఉండబట్టే. 2019 జనవరి 30 రాత్రి అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగి వరసగా స్టాళ్లు కాలిపోయాయి, అయినా ఒక్క ప్రాణం కూడా పోలేదు. నేను ఆ రోజు నుంచి ప్రతి పిల్లాడికీ మొదట నేర్పేది ఫైర్ సిలిండర్ ఎక్కడుంది, దాని పిన్ను ఎలా లాగాలి అన్నదే. మీవాడికి తెలుసేమో ఈ రాత్రి అడగండి, తెలిస్తే వాడు తిరగడం లేదు, నేర్చుకుంటున్నాడు. పరీక్షల నెలలో మాత్రం ఆపమనండి, నేనూ అదే చెప్తాను. ఒంటిగంటకి బైకు మీద రావడం నాకూ నచ్చదు, రోజంతా నిలబడి నిద్రమత్తులో బండి నడపకూడదు. అక్కడే పడుకుని పొద్దున రమ్మనండి.

*

ప్రశ్న: అక్కా, వచ్చే వారం మొదటి ఈవెంట్. బ్యాగులో ఏం పెట్టుకోవాలి?
(రాజమహేంద్రవరం)

జవాబు: కత్తెర, నల్ల టేపు (వైర్లని నేలకి అతికించే వెడల్పుది), పిన్నీసులు ఒక డజను, ఎందుకంటే ఎవరిదో ఒకరి కుచ్చిళ్లు జారతాయి, బ్యానర్ ఊడుతుంది. లావు మార్కర్, తెల్ల కాగితాలు, దారం, సన్న తాడు. పెన్సిల్ సెల్స్ రెండు జతలు, ఎందుకో పైన చదివే ఉంటావు. అగ్గిపెట్టె, చిన్న టార్చి, పవర్ బ్యాంకు, పెన్‌డ్రైవ్. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు, నీకు రెండు, కళ్లు తిరిగి కూర్చున్నవాళ్లకి రెండు. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసుకో: మైకు సెట్, జనరేటర్, టెంట్ హౌస్, భోజనాలు, దగ్గర్లోని పోలీస్ స్టేషన్. జనం ఎక్కువైతే ఫోన్లో సిగ్నల్ ఉండదు, ఎదురుగా పరుగెత్తే మనిషికి ఆ కాగితం ఇచ్చి పంపొచ్చు. తినడానికి వేరుశనగ ఉండలు పెట్టుకో, భోజనాలు నీదాకా వచ్చేసరికి నాలుగవుతుంది. కాళ్లకి చెప్పులు వద్దు, మునివేళ్లు కప్పే బూట్లు వేసుకో. ఇనుప కుర్చీ కాలి మీద పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు.